మోకాలి ముందు నొప్పి: స్కాన్‌లో కనబడేది ఒకటి, నొప్పి పెట్టేది ఇంకొకటి

మెట్లు ఎక్కేటప్పుడు పర్లేదు, దిగేటప్పుడు మాత్రం మోకాలి చిప్ప వెనకాల ఎక్కడో నొప్పి. రెండు మూడు గంటలు బస్సులో కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు కాలు సాగదు. దెబ్బ తగల్లేదు, వాపు లేదు, చదునైన చోట నడుస్తుంటే అసలు గుర్తుకే రాదు. ఈ బాధ చెప్పుకుని నలుగురి దగ్గరికి వెళ్తే నాలుగు జవాబులు వస్తాయి. ఒకరు గుజ్జు అరిగిందంటారు. ఒకరు విటమిన్ డి తక్కువుందంటారు. ఇంకొకరు చిప్ప పక్కకు జరిగిందంటారు. నాలుగో ఆయన ఎంఆర్ఐ రాస్తారు. రిపోర్టులో ‘కాండ్రోమలేషియా పటెల్లా, గ్రేడ్ 2’ అని వస్తుంది. ఆ పేరు చదివాక పాతికేళ్ల అమ్మాయి కూడా రేపో మాపో మోకాలు మార్పించుకోవాలేమోనని టెన్షన్ పడుతుంది.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2018లో లెక్క తీస్తే, ఏడాది కాలంలో పెద్దవాళ్లు, పిల్లలు కలిసిన సాధారణ జనాభాలో దాదాపు 23 శాతం మందికి, టీనేజి పిల్లల్లో 29 శాతం మందికి ఈ నొప్పి ఉన్నట్టు తేలింది. ఇంత మామూలు నొప్పికి ఇన్ని వివరణలు ఎందుకు పుట్టాయో, వాటిలో ఏది ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.

ముందు ఒక తేడా గమనించాలి. ‘మోకాలి ముందు నొప్పి’ అనేది జబ్బు పేరు కాదు, నొప్పి ఉన్న చోటు మాత్రమే. ఆ చోట నొప్పి రావడానికి పది రకాల కారణాలుండొచ్చు. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనబడేదాన్ని డాక్టర్లు పటెల్లోఫిమరల్ పెయిన్ అంటారు. అంటే చిప్పకూ తొడ ఎముకకూ మధ్య ఉన్న కీలు చుట్టూ వచ్చే నొప్పి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

## చిప్ప చేసే పని, మోసే బరువు

మోకాలి చిప్ప ఏ ఎముకకూ నేరుగా అతుక్కుని ఉండదు. తొడ ముందువైపు ఉన్న పెద్ద కండరం కిందికి వచ్చి, చిప్పను తనలో ఇముడ్చుకుని, అక్కడి నుంచి బలమైన పట్టీగా మారి మోకాలి కింది ఎముకకు అంటుకుంటుంది. ఆ పట్టీనే టెండన్ అంటారు. చిప్ప వెనకాల, తొడ ఎముక చివర ఒక గాడి ఉంటుంది. కాలు పూర్తిగా చాపి ఉన్నప్పుడు చిప్ప ఆ గాడికి పైన వదులుగా ఉంటుంది. అప్పుడు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపొచ్చు కూడా. కాలు మడిచేకొద్దీ గాడిలోకి దిగి బిగుసుకుంటుంది. బావికి గిలక ఎలాగో మోకాలికి చిప్ప అలాగ. అది లేకపోతే కాలు చాపడానికి తొడ కండరం ఇంకా చాలా ఎక్కువగా లాగాల్సి వస్తుంది.

చిప్ప వెనక ఉండే మృదులాస్థి, అంటే జనం గుజ్జు అని పిలుచుకునే కార్టిలేజ్, శరీరంలోకెల్లా మందమైనది. కొన్నిచోట్ల అయిదారు మిల్లీమీటర్లుంటుంది. అంత మందం ఎందుకో లెక్క వేస్తే అర్థమవుతుంది. చదునైన నేల మీద నడిచేటప్పుడు చిప్పకూ గాడికీ మధ్య పడే ఒత్తిడి శరీర బరువులో సగం నుంచి మొత్తం బరువు దాకా ఉంటుందని అంచనా. మెట్ల మీద అది దాదాపు మూడు రెట్లు. పరుగులో అయిదు రెట్లు. పూర్తిగా గొంతుక్కూర్చుని లేస్తే ఏడెనిమిది రెట్ల దాకా పోతుంది. 60 కిలోల మనిషిని తీసుకుంటే, నడకలో 30 నుంచి 60 కిలోలు, మెట్ల మీద 180, పరుగులో 300, గొంతుక్కూర్చున్నప్పుడు 420 నుంచి 480.

ఈ అంకెలు చూసి భయపడక్కర్లేదు. కాలు మడిచేకొద్దీ చిప్ప గాడిని తాకే వైశాల్యం కూడా పెరుగుతుంది, బరువు అంతా ఒక్క చోటే పడదు. తరతరాలుగా పీట మీద, నేల మీద కూర్చున్న జనం మనం, మామూలు మోకాలికి ఇది రోజువారీ పనే. అయితే నడుస్తుంటే ఏమీ అనిపించని మోకాలు మెట్ల మీదే ఎందుకు మూలుగుతుందో ఈ లెక్క చెబుతుంది. దిగేటప్పుడు ఇంకో కారణం తోడవుతుంది. ఒళ్లంతా ఒక్కసారిగా కింది మెట్టు మీద పడిపోకుండా తొడ కండరం సాగుతూనే బిగపట్టి ఆపాలి. కండరానికి ఇది కష్టమైన పని.

## గుజ్జుకు నొప్పి తెలుస్తుందా

కార్టిలేజ్‌లో రక్తనాళాలుండవు, నరాలూ ఉండవు. ఈ సంగతి వైద్య విద్యార్థులందరికీ తెలుసు. అయినా చాలా కాలం పాటు మోకాలి ముందు నొప్పికి ఉన్న పేరు కాండ్రోమలేషియానే, అంటే కార్టిలేజ్ మెత్తబడటం. నరాలు లేనిది ఎలా నొప్పి పెడుతుంది?

శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన స్కాట్ డై అనే ఎముకల డాక్టరు ఈ ప్రశ్నకు జవాబు తన మోకాళ్లలోనే వెతికారు. కీలు లోపల మత్తుమందు ఏమీ ఇవ్వకుండా, చర్మం దగ్గర మాత్రం మొద్దుబార్చి, సహచరుడి చేత తన రెండు మోకాళ్లలోకి ఆర్త్రోస్కోపు, అంటే కీలు లోపల చూసే సన్నని గొట్టం, పెట్టించుకున్నారు. లోపలి భాగాలను ఒక్కొక్కటిగా సన్నని కడ్డీతో నొక్కుతుంటే, మెలకువగానే ఉండి ఎక్కడ ఎంత నొప్పిగా ఉందో చెబుతూ వచ్చారు. చిప్ప వెనకాల కార్టిలేజ్‌ను గట్టిగా నొక్కినా నొప్పి తెలియలేదు. కీలు లోపలి పొర ముందు భాగాన్నీ, చిప్ప కింద ఉండే కొవ్వు మెత్తనూ తాకితే మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ఆ ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షే కాబట్టి దాన్ని శిలాశాసనంగా తీసుకోలేం. కానీ దాని తర్వాత ఈ చర్చ మళ్లీ పాత చోటికి పోలేదు.

రెండో ఆధారం స్కాన్ల నుంచి వచ్చింది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ నొప్పి ఉన్నవాళ్ల మోకాళ్లకూ లేనివాళ్ల మోకాళ్లకూ ఎంఆర్ఐ తీసి పోల్చి 2016లో ఫలితాలు ప్రకటించారు. రెండు గుంపుల కార్టిలేజ్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రిపోర్టులో రాసే చిన్న చిన్న మార్పులు నొప్పి లేనివాళ్లలోనూ ఉంటాయి. అలాగని రిపోర్టు అబద్ధమని కాదు, అందులో ఉన్నది మోకాలిలో ఉన్నదే. కాకపోతే నొప్పికి అదే కారణమని ఆ కాగితం చెప్పలేదు.

అవతలి పక్షం వాదన కూడా వినాలి. కార్టిలేజ్‌కు నరాలు లేకపోయినా దాని కింది ఎముకకు ఉన్నాయి. పైపొర బాగా పలచబడితే ఒత్తిడి నేరుగా ఎముక మీద పడుతుంది, అక్కడ నొప్పి పుట్టొచ్చు. నలభై అయిదు, యాభై దాటినవాళ్లలో చిప్ప వెనక కీలు నిజంగానే అరిగి ఆర్థరైటిస్‌గా మారడం ఉంది, అది ఎక్స్‌రేలోనే కనబడుతుంది. అందుకే ‘అరుగుదల’ అనే జవాబు అరవై ఏళ్ల పెద్దావిడకు సరిపోవచ్చు. ఆమె మనవరాలికి అదే జవాబు చెప్పడంలోనే చిక్కంతా ఉంది.

## ఒక్క వేలితో చూపించమంటే

ఈ నొప్పిని తేల్చే పరీక్ష రక్తంలో లేదు, స్కాన్‌లో లేదు. ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది అనే కథలోనూ, డాక్టరు చేతి పరీక్షలోనూ ఉంది. ‘ఒక్క వేలితో చోటు చూపించండి’ అని అడిగితే, పటెల్లోఫిమరల్ నొప్పి ఉన్నవాళ్లు చాలామంది ఒక్క వేలితో చూపించలేరు. అరచేతిని చిప్ప మీద బోర్లించి గుండ్రంగా తిప్పుతారు. నొప్పి అలా పరుచుకుని ఉంటుంది. మెట్లు, గొంతుక్కూర్చోవడం, పరుగు, చాలాసేపు మోకాళ్లు మడిచి కూర్చోవడం, ఈ నాలుగింటిలో ఏదో ఒకదానితో అది పెరుగుతుంది. ఆఖరిదానికి సినిమా హాలు పేరే పెట్టారు ఇంగ్లిష్ డాక్టర్లు. మూడు గంటల బొమ్మ చూసే మనవాళ్లకు వేరే చెప్పాలా!

ఇక చేతి పరీక్షల్లో అన్నిటికంటే పనికొచ్చేది సాదాసీదాది. మనిషిని నిలబెట్టి, నెమ్మదిగా గొంతుక్కూర్చోమంటారు. ఈ నొప్పి ఉన్నవాళ్లలో దాదాపు 80 శాతం మందికి ఆ ఒక్క పనితో నొప్పి బయటపడుతుందని 2016 నాటి అంతర్జాతీయ నిపుణుల ప్రకటన చెబుతోంది. చిప్ప అంచుల వెంట నొక్కితే నొప్పి రావడం దాని తర్వాతిది. కాలు చాపించి, చిప్పను పై నుంచి అదిమిపట్టి తొడ బిగించమనే పాత పరీక్ష ఇప్పటికీ చాలాచోట్ల చేస్తారు. అలా అదిమితే బాగున్న మోకాలు కూడా నొప్పి పుట్టొచ్చు, అందుకే దాని మీద ఇప్పుడు నమ్మకం తగ్గింది.

ఒక్క వేలితో కచ్చితంగా చూపించగలిగితే మాత్రం కథ మారుతుంది. వేలు చిప్ప కింది కొన మీదే పడి, ఆ మనిషి వాలీబాల్‌లాగా ఎగిరి దూకే ఆటలు ఆడేవాడైతే, టెండన్ దెబ్బతిని ఉండొచ్చు. దానికి జంపర్స్ నీ అని పేరు. వేలు ఇంకా కిందికి, మోకాలి కింద ఎముక బుడిపె మీద పడి, వయసు పది నుంచి పదిహేను మధ్య ఉంటే అది ఆస్గుడ్–ష్లాటర్. ఎదిగే వయసులో టెండన్ లాగుడికి ఎముక అంటుకునే చోట వచ్చే బాధ అది. 1903లో ఆస్గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా దాని గురించి రాశారు, ఆ పేర్లే మిగిలాయి. నొప్పి కంటే చిప్ప మీద నీటి సంచిలా ఉబ్బడం ఎక్కువగా ఉంటే, అది చిప్పకూ చర్మానికీ మధ్య ఉండే బర్సా వాపు. రోజంతా మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరిచేవాళ్లకు, నేల తుడిచేవాళ్లకు ఇది వస్తుంది. అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర మొక్కు ప్రకారం మోకాళ్ల మీద ఎక్కేవాళ్ల బాధ కూడా చాలావరకు చర్మానికీ ఈ సంచికీ చెందినదే. మిగతా మెట్లు నిలబడి ఎక్కినవాళ్ల నొప్పి వేరు.

‘చిప్ప పక్కకు జారిపోయినట్టయింది’ అని చెప్పి, దాన్ని తాకబోతే భయంతో కాలు వెనక్కి లాక్కునేవాళ్లది మరో కోవ. వాళ్ల చిప్ప ఎప్పుడో నిజంగానే గాడి తప్పి ఉండొచ్చు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది పిల్లల విషయంలో. పదకొండు, పన్నెండేళ్ల పిల్లాడు మోకాలు నొప్పి అంటాడు, కుంటుతుంటాడు, మోకాలు ఎంత చూసినా ఏమీ దొరకదు. అసలు లోపం తుంటి కీలులో ఉండొచ్చు. తుంటి నుంచి వచ్చే నొప్పి మోకాలి దగ్గర తెలియడం మామూలే. ఎదిగే వయసులో తొడ ఎముక తల జారిపోయే జబ్బు ఒకటుంది, దాన్ని ఆలస్యం చేస్తే ఆ కీలే పాడవుతుంది. అందుకే పిల్లలు మోకాలు నొప్పి అంటే తుంటి కూడా తిప్పి చూడమని వైద్య పుస్తకాలన్నీ నొక్కి చెబుతాయి.

## ఎక్స్‌రే, ఎంఆర్ఐ ఎప్పుడు అవసరం

దెబ్బ తగిలాక ఎక్స్‌రే కావాలా అక్కర్లేదా తేల్చడానికి కెనడాలో తయారైన ఒట్టావా నియమం ఉంది. వయసు 55 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, చిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పి ఉన్నా, మోకాలి బయటివైపు చిన్న ఎముక తల మీద నొప్పి ఉన్నా, మోకాలు 90 డిగ్రీలు మడవలేకపోయినా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. ఇందులో ఏదీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

దెబ్బ లేకుండా వచ్చిన నొప్పిలో స్కాన్ పని వేరు. పటెల్లోఫిమరల్ నొప్పిని నిర్ధారించడానికి అది తీయరు, ఇంకేదో కాదని తేల్చుకోవడానికి తీస్తారు. కదిలినా కదలకపోయినా, రాత్రి నిద్రలోనూ లేపే నొప్పి, జ్వరం, కీలు ఎర్రగా వేడిగా ఉబ్బడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మోకాలు మధ్యలో లాక్ అయిపోయి తెరుచుకోకపోవడం లాంటివి మనం చెప్పుకుంటున్న కథలో ఇమడవు. టీనేజి పిల్లల్లో వచ్చే ఎముక క్యాన్సర్ ఎక్కువగా మోకాలి దగ్గరి ఎముకల్లోనే మొదలవుతుంది. అది చాలా అరుదు, అయినా రాత్రిళ్లు విడవని నొప్పిని డాక్టర్లు తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం అదే.

విటమిన్ డి సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. పరీక్ష చేస్తే మనలో చాలామందికి తక్కువే వస్తుంది. తక్కువుంటే సరిచేసుకోవడం మంచిదే. మెట్ల మీద మాత్రమే, అదీ ఒక్క మోకాలికే వచ్చే నొప్పిని మాత్రం అది వివరించలేదు.

## చిప్ప దారి తప్పిందా, కింద గాడి తిరిగిందా

1980లు, 90లలో రాజ్యమేలిన వివరణ ఇది: చిప్ప గాడి మధ్యలో నడవకుండా బయటివైపుకు లాగబడుతోంది, ఎందుకంటే తొడ లోపలివైపు కండరం బలహీనంగా ఉంది. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెనీ మెకానెల్ 1986లో చిప్పను లోపలికి లాగి టేపు వేసి, ఆ కండరానికి వ్యాయామం చేయించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. చాలామందికి నొప్పి తగ్గింది కూడా. తర్వాత చూస్తే, తొడలో ఆ ఒక్క ముక్కను విడిగా బలపరచడం సాధ్యం కాదని తేలింది, తొడంతా కలిసే పనిచేస్తుంది. టేపు వేశాక చిప్ప నిజంగా ఎంత జరుగుతోందన్నదీ అనుమానమే. వైద్యం పనిచేసింది, దానికి చెప్పిన కారణం మాత్రం నిలబడలేదు. మోకాలి చరిత్రలో ఇలాంటివి చాలా ఉన్నాయి.

2003లో అమెరికాలో క్రిస్ పవర్స్ బృందం మనుషుల్ని బరువు మోస్తూ మోకాలు వంచే స్థితిలో ఎంఆర్ఐ తీసింది. చిప్ప పెద్దగా కదలడం లేదు, దాని కింద తొడ ఎముకే లోపలికి తిరుగుతోంది. తొడ ఎముకను తిరగకుండా పట్టుకునేవి పిరుదు కండరాలు. దాంతో అందరి చూపూ మోకాలి నుంచి తుంటికి మళ్లింది. ఈ నొప్పి ఉన్నవాళ్లలో పిరుదు కండరాలు నిజంగానే బలహీనంగా కనబడ్డాయి.

ఇక్కడే ఒక మెలిక. నొప్పి రాకముందే మనుషుల బలం కొలిచి, తర్వాత ఎవరికి నొప్పి వచ్చిందో చూసిన అధ్యయనాల్లో పిరుదు బలహీనతకూ నొప్పి రావడానికీ సంబంధం దొరకలేదు. అంటే బలహీనత కారణం కాకపోవచ్చు, నొప్పితో కాలు తక్కువ వాడటం వల్ల వచ్చిన ఫలితం కావొచ్చు. అయినా పిరుదు వ్యాయామాలు చేయిస్తే నొప్పి తగ్గుతోంది! సైనిక శిక్షణలో చేరినవాళ్లలో తొడ ముందు కండరం బలహీనంగా ఉన్నవాళ్లకు నొప్పి వచ్చే అవకాశం ఎక్కువని మాత్రం కనబడింది. బరువు, ఎత్తు, తొడ కండరం చిప్పను లాగే కోణం లాంటి వాటితో ముందుగా చెప్పగలిగింది ఏమీ లేదు. ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుందన్నది నిజమే. అమెరికా నౌకాదళ అకాడమీ విద్యార్థుల్లో ఇది మగవాళ్ల కంటే రెట్టింపుకు పైగా కనబడింది. ఎందుకన్నదాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

మూడో వివరణ అన్నిటికంటే సాదాది, నాకు అన్నిటికంటే నమ్మకంగా అనిపించేదీ అదే. ప్రతి మోకాలికీ అలవాటైన మోత, అంటే రోజూ మోసే బరువు, ఒకటుంటుంది. ఆ హద్దు లోపల ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. హద్దును ఒక్కసారిగా దాటితే, లేదా నెలల తరబడి కదలక హద్దే కుంచించుకుపోతే, లోపలి పొరలు, కొవ్వు మెత్త, ఎముక చికాకు పడతాయి. పైన చెప్పిన స్కాట్ డై ప్రతిపాదించిన ఆలోచనే ఇది.

## మోత ఎలా పెరుగుతుందో రెండు లెక్కలు

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే కుర్రాడిని తీసుకోండి. బరువు 70 కిలోలు. ఏడాదంతా రాతపరీక్ష పుస్తకాలతో కూర్చున్నాడు. ప్రిలిమ్స్ ఫలితం రాగానే తెల్లారి నుంచి రోజూ 1600 మీటర్ల పరుగు మొదలుపెట్టాడు. ఒక్కో అడుగు మీటరు అనుకుంటే, ఒక్కో కాలికి రోజుకు 800 అడుగులు. ఒక్కో అడుగుకు చిప్ప మీద 350 కిలోల ఒత్తిడి. వారానికి ఆరు రోజులంటే ఒక్కో కాలికి 4,800 సార్లు. నిన్నటిదాకా ఈ లెక్క సున్నా. దానికి తోడు లాంగ్‌జంప్ ప్రాక్టీసు, గ్రౌండులో సీనియర్ చేయించే వంద గుంజీళ్లు. మూడో వారంలో మోకాలు పట్టేస్తే, మోకాలిలో లోపం ఉందనడం కంటే ఆ మూడు వారాల్లో లోపం ఉందనడం న్యాయం.

ఇంకొకరు హైదరాబాద్‌లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్న నలభై ఏళ్లావిడ, బరువు 60 కిలోలు. ఆఫీసులో లిఫ్టు, ఇంట్లో లిఫ్టు. రోజుకు పాతిక మెట్లెక్కితే గొప్ప. అలిపిరి నుంచి కొండెక్కుతానని మొక్కుకున్నారు. 3,550 మెట్లు, అంటే ఒక్కో కాలికి సుమారు 1,775 సార్లు 180 కిలోలు, అదీ ఒక్క పూటలో. ఆమె మామూలుగా నూట నలభై రోజుల్లో ఎక్కే మెట్లవి. కొండ మీద దర్శనం క్యూలో కూర్చుని లేస్తుంటే మోకాళ్లు ముందువైపు మంట పుడితే, తిరిగొచ్చాక తీయించే ఎంఆర్ఐలో దానికి జవాబు ఉండకపోవచ్చు. ఈ రకం నొప్పి చాలావరకు కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. భయపడి ఆ తర్వాత నెలల పాటు మెట్లు పూర్తిగా మానేస్తేనే చిక్కు, హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

## వ్యాయామం అంటే ఏ వ్యాయామం

2019లో అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘం తెచ్చిన మార్గదర్శకాల్లో మొదటి స్థానం వ్యాయామానిదే: తొడ కండరాలకూ పిరుదు కండరాలకూ కలిపి చేసేది. మోకాలు మరీ నొప్పిగా ఉన్న తొలి రోజుల్లో తుంటి వ్యాయామాలతో మొదలుపెట్టి, తర్వాత తొడ మీదికి వస్తారు. నేల మీద పక్కకు పడుకుని కాలు ఎత్తడం, వీపు ఆనించి పడుకుని నడుము లేపడం లాంటివి ముందు. కుర్చీ ఎత్తు దాకా కూర్చుని లేవడం, చిన్న మెట్టు మీంచి నెమ్మదిగా దిగడం ఆ తర్వాత.

కోణం కూడా లెక్కలోకి వస్తుంది. నిలబడి మోకాలు వంచేటప్పుడు నిటారు నుంచి 45 డిగ్రీల దాకా చిప్ప మీద ఒత్తిడి తక్కువ. జిమ్‌లో కూర్చుని పాదంతో బరువు లేపేటప్పుడు సరిగ్గా దీనికి తలకిందులు, 90 నుంచి 45 డిగ్రీల మధ్య తక్కువ, కాలు పూర్తిగా చాపే చివర్లో ఎక్కువ. అందుకే ఒకే మనిషికి ఒక వ్యాయామం హాయిగా, ఇంకొకటి నరకంగా ఉంటుంది.

నొప్పి అసలు రాకూడదా? పదికి రెండు మూడు పాయింట్ల నొప్పి వచ్చి, మర్నాటికి మామూలైపోతే పర్లేదన్నది చాలామంది ఫిజియోలు పాటించే కొలత. మర్నాడు మెట్లు దిగడం నిన్నటికంటే కష్టంగా ఉంటే మోతాదు ఎక్కువైందని లెక్క. వారానికి మూడుసార్ల చొప్పున కనీసం ఆరు నుంచి పన్నెండు వారాలు చూడాలి. పది రోజులు చేసి ‘ఫిజియోథెరపీ కూడా అయిపోయింది, తగ్గలేదు’ అనేవాళ్లు మనలో చాలామంది. అందులోనూ ఆ పది రోజులూ కరెంటు పెట్టించుకుని, వేడి పెట్టించుకుని ఇంటికొచ్చి ఉంటారు. అవే మార్గదర్శకాలు అల్ట్రాసౌండ్, కరెంటు యంత్రాల లాంటి వైద్యాలను ఈ నొప్పికి సిఫారసు చేయలేదు.

వ్యాయామం ఎంత పనిచేస్తుంది అంటే, అద్భుతం కాదు, నిజమైన మేలు. నెదర్లాండ్స్‌లో 131 మందిపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో ఫిజియో దగ్గర వ్యాయామం చేసినవాళ్లకు మూడు నెలలకూ, ఏడాదికీ నొప్పి మిగతావాళ్లకంటే తక్కువగా ఉంది. కానీ ‘మీరు కోలుకున్నట్టేనా’ అని అడిగితే రెండు గుంపుల జవాబుల్లో పెద్ద తేడా లేదు. కెనడాలో 69 మంది పరుగుగాళ్లపై జరిగి 2018లో వచ్చిన ఇంకో అధ్యయనం మరీ ఆసక్తికరం. ఒక గుంపుకు మోత ఎలా తగ్గించి ఎలా పెంచుకోవాలో మాత్రమే నేర్పారు. రెండో గుంపుకు దానితో పాటు వ్యాయామం, మూడో గుంపుకు పరుగు తీరు మార్చే శిక్షణ ఇచ్చారు. చివరికి మూడూ ఒక్కలాగే మెరుగుపడ్డాయి. వ్యాయామం దండగ అని దీనర్థం కాదు. వాళ్లంతా అప్పటికే పరుగెత్తేవాళ్లు, కుర్చీకి అతుక్కుపోయిన మనిషికి అదే వర్తిస్తుందని చెప్పలేం. పైన చెప్పిన కుర్రాడికి పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. అదే వేగంతో పరుగెడుతూ అంగలు చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగులు పది శాతం పెంచితే, చిప్ప మీద పడే గరిష్ఠ ఒత్తిడి సుమారు 14 శాతం తగ్గుతుందని కొలిచారు.

‘ఇక జన్మలో కింద కూర్చోవద్దు’ అనే సలహా మన దగ్గర చాలా మామూలు. నొప్పి ఎక్కువగా ఉన్న కొన్ని వారాలు గొంతుక్కూర్చోవడం తగ్గిస్తే ఉపశమనం ఉంటుంది, ఒత్తిడి లెక్కలూ అదే చెబుతాయి. చిప్ప వెనక ఆర్థరైటిస్ ముదిరినవాళ్లకు అది శాశ్వత సలహా కూడా కావొచ్చు. పాతికేళ్లవాళ్లకు అదే సలహా జీవితాంతానికి ఇస్తే మాత్రం వాళ్ల మోకాలి హద్దును మనమే గీసి ఇచ్చినట్టవుతుంది.

## టేపు, ఇంజెక్షన్, ఆపరేషన్

టేపు మొదటి నాలుగు వారాల్లో, వ్యాయామంతో కలిపి వాడితే నొప్పి తగ్గించడానికి సాయపడుతుంది. చెప్పుల్లో పెట్టుకునే ఇన్‌సోల్స్ కొందరికి ఆరు వారాల దాకా పనికొస్తాయి. నీక్యాప్‌ వేసుకుంటే ధైర్యంగా ఉంటుందని చాలామంది అంటారు. ధైర్యం సంగతేమో గానీ, నొప్పి తగ్గిస్తుందనడానికి ఆధారం బలంగా లేదు, మార్గదర్శకాలు దాన్ని సిఫారసు చేయలేదు. నొప్పి బిళ్లలు కొన్ని రోజులు గడపడానికే. కీలులోకి ఇచ్చే జెల్ ఇంజెక్షన్లను, అంటే ‘గుజ్జు ఇంజెక్షన్’ పేరుతో అమ్మేవాటిని, పెద్ద వయసు ఆర్థరైటిస్‌కు ఇవ్వాలా వద్దా అన్నదే ఇంకా తగువు. అరగని పాతికేళ్ల మోకాలికి వాటితో పనేముంది?

ఆపరేషన్ విషయంలో ఫిన్లాండ్ అధ్యయనం సూటిగా ఉంది. దీర్ఘకాలంగా బాధపడుతున్న 56 మందిలో సగం మందికి ఆర్త్రోస్కోపీ చేసి వ్యాయామం చేయించారు, మిగతా సగం మందికి వ్యాయామం మాత్రమే. 2007లో అచ్చయిన ఫలితాల ప్రకారం తొమ్మిది నెలలకు తేడా లేదు. అయిదేళ్ల తర్వాత మళ్లీ చూసినా లేదు. ఖర్చు మాత్రం ఆపరేషన్ గుంపుకే ఎక్కువైంది. చిప్ప పదే పదే గాడి తప్పేవాళ్లు, లోపల ముక్క విరిగి తిరుగుతున్నవాళ్లు వేరు, వాళ్లకు కత్తి అవసరం నిజంగానే రావొచ్చు.

## పిల్లలకు దానంతటదే పోతుందా

‘ఎదిగే వయసు నొప్పి, అదే పోతుంది’ అని పెద్దవాళ్లు అంటారు. డెన్మార్క్‌లో ఈ నొప్పి ఉన్న టీనేజి పిల్లలను రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరిస్తే సగానికి పైగా ఇంకా నొప్పి ఉందనే చెప్పారు. పెద్దవాళ్లలోనూ అంతే, అయిదు నుంచి ఎనిమిదేళ్ల తర్వాత కూడా సగానికి పైగా పూర్తిగా కోలుకోలేదు. మొదలైన రెండు నెలలు దాటాక వైద్యానికి వచ్చినవాళ్లు కోలుకునే అవకాశం తగ్గుతుందని కూడా కనబడింది.

అదే డెన్మార్క్‌లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు 151 మందికి మోత తగ్గించే పద్ధతి నేర్పి 2019లో ఫలితాలు ప్రకటించారు. మొదటి నాలుగు వారాలు నొప్పి పెంచే ఆటలు తగ్గించడం, తర్వాత ఇంట్లో తుంటికీ తొడకూ వ్యాయామం, ఆ తర్వాత మెట్టు మెట్టుగా ఆటలోకి తిరిగి రావడం. పన్నెండు వారాలకు ఎనభై శాతానికి పైగా పిల్లలు బాగా మెరుగయ్యామన్నారు. పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు కాబట్టి అందులో ఎంత భాగం ఈ పద్ధతిదో చెప్పలేం. కూచిపూడి నేర్చుకునే పన్నెండేళ్ల పిల్లకు దీన్ని అన్వయిస్తే ఇలా ఉంటుంది: క్లాసు మానక్కర్లేదు. అరమండి, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ, లోతు సగానికి తగ్గించి, గెంతులు పక్కనపెట్టి, ఆ నెల రోజులు చేతులు, అభినయం, తాళం మీద పెడితే సరిపోతుంది. గురువుగారు ఒప్పుకోవాలి, అంతే.